చెక్కు వెనక సంతకం

హెడ్లీ కర్నో మా బ్యాంకులోకి వచ్చాడంటే ముందు చేపల వాసన వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. మా రేవులో లైఫ్‌బోటు నడిపేది అతనే. తుఫానులో పడవేదో మునిగిపోతోందని కబురొస్తే నోటి దగ్గరి ముద్ద వదిలేసి పరిగెడతాడు. సముద్రానికి జంకని అలాంటి మనిషి ఆ సోమవారం నా కౌంటర్ ముందు నిలబడి నీళ్ళు నమిలాడు.

"థర్జా, దీన్ని చించెయ్యడం నీ వల్ల అవుతుందా?" అంటూ అద్దం కింద నుంచి ఓ చెక్కు తోశాడు.

"నా జీతం తప్ప ఈ బ్యాంకులో ఏదైనా చించేస్తాను. ఏంటిది?"

స్పెయిన్ చెక్కు. రెండు వేల పెసెటాలు, హెడ్లీ పేరు మీద. పంపినావిడ బాల్బీనా. ఆవిడెవరో మా ఊళ్ళో అందరికీ తెలుసు. కిందటి చలికాలం స్పెయిన్‌లోని గలీసియా వాళ్ళ చేపల పడవ ఒకటి మా రాళ్ళకు కొట్టుకుని ముక్కలైపోయింది. అందులో ఉన్న ఏడుగురూ పోయారు. హెడ్లీ వాళ్ళు తెల్లవార్లూ గాలిస్తే ఒక్క కుర్రాడి శవం దొరికింది. ఆ కుర్రాడు బాల్బీనా కొడుకు. పెట్టెలో పెట్టి ఇంటికి పంపించారు.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"ఈస్టర్‌కి."

"ఇప్పుడు ఆగస్టు! ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా, పొదిగావా?"

అతను నవ్వలేదు. "దీని వెనక సంతకం పెట్టి డబ్బు తీసుకోలేను థర్జా. ప్రాణంతో తెచ్చుంటే అది వేరు. శవాన్నిచ్చి డబ్బు పుచ్చుకోమంటావా? మిగతా ఆరుగురి సంగతి అదీ లేదు, సముద్రంలోనే వదిలేసి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని తీసుకోను?"

"తీసుకుంటే తీసుకో, లేకపోతే పక్కకు జరుగు. నా కాళ్ళు పడిపోతున్నాయి," అంది వెనక వరసలోంచి బుట్టతో మిసెస్ జాగో.

"అసలు దీనికి బ్యాంకు రుసుమే పన్నెండు పౌండ్లు. చెక్కు పది కూడా చెయ్యదు," అన్నాను.

"అయితే పీడా పోయింది, చించెయ్."

నాకు ఒళ్ళు మండింది. ఒక తల్లి రాసిన చెక్కును చెత్తబుట్టలో వేసే హక్కు నాకెవరిచ్చారు? అయినా పాత తేదీ చెక్కు, చెల్లుతుందో లేదో ముందు కనుక్కోవాలి. విదేశానికి ఫోనంటే మా మేనేజరుకు గుండె దడ. ఆయన టీకి వెళ్ళే వరకూ హెడ్లీని ఆగమని చెప్పి, చెక్కు మీదున్న ఆ ఊరి బ్యాంకుకు నేనే ఫోన్ చేశాను.

ఒటేరో అనే గుమాస్తా పలికాడు. వచ్చీరాని ఇంగ్లీషు. చెక్కు సంగతి చెప్పగానే గొంతు మారిపోయింది.

"కర్నోగారి చెక్కా? తీసుకున్నారా? శుక్రవారం వస్తే చాలు, తల్లులంతా వచ్చి అడుగుతారమ్మా, తీసుకున్నాడా అని."

"తల్లులేంటి? బాల్బీనా ఒక్కావిడే కదా?"

"చెక్కు ఆవిడది. డబ్బు ఏడుగురు తల్లులూ తలా కొంత వేసుకున్నారు. దొరికింది ఆవిడ కొడుకొక్కడే కదమ్మా, మా ఊళ్ళో ఏడిళ్ళకూ ఆ ఒక్క సమాధే దిక్కు. అందరూ అక్కడికే వస్తారు. ఎవరి పిల్లాడి పేరు వాళ్ళు పిలుచుకుని మాట్లాడుకుంటారు. ఆ అబ్బాయి కూడా దొరక్కపోతే వాళ్ళు ఎక్కడికెళ్ళి ఏడ్చేవాళ్ళు? మా అమ్మ కూడా వెళ్తుంది. మా తమ్ముడు పాయో ఆ పడవలోనే ఉన్నాడు."

కడుపుకోతలో ఉండి కూడా, ఇంకో తల్లి బిడ్డ దొరికినందుకు దండం పెట్టే మనుషులు కూడా ఉంటారా? నేనైతే ఆ బాల్బీనా మొహం చూడలేకపోయేదాన్ని. పక్క తలుపు తెరిచి ఫోను హెడ్లీ చేతిలో పెట్టాను.

అతను చాలాసేపు విన్నాడు. "వెతికాం బాబూ, మీ తమ్ముడి కోసం కూడా," అన్నాడు. మళ్ళీ విన్నాడు. ఫోను పెట్టేసి టోపీతో మొహం తుడుచుకున్నాడు. మిసెస్ జాగో బుట్ట నేలమీద పెట్టేసి, కళ్ళు దించుకుని నిలబడింది.

"ఇది ఎక్కడికెళ్తుంది థర్జా?"

"విదేశీ చెక్కు కదా. ఈ కాగితమే అక్కడికి వెళ్తుంది. ఆ ఒటేరో చేతికే. అక్కడ చూసి సరేనంటేనే డబ్బు కదులుతుంది."

"అంటే నా సంతకం వాళ్ళమ్మ చూస్తుందా?"

"చూడకుండా ఉంటుందా? ఏడుగురు తల్లులూ చూస్తారు."

అతను పన్నెండు పౌండ్లు తీసి కౌంటర్ మీద పెట్టి, పెన్ను అందుకున్నాడు. ఎప్పుడూ కోడి గీరినట్టు గీకే మనిషి, ఒక్కో అక్షరం విడివిడిగా, పలక మీద దిద్దినట్టు తన పేరు రాశాడు. రాశాక కూడా పెన్ను వదల్లేదు.

"ఇంకో ముక్క రాయొచ్చా?"

రాయకూడదు. వెనక సంతకం తప్ప గీత కూడా ఉండకూడదని నియమం. సిరా మరక పడిందని చెక్కులు తిప్పి పంపినదాన్ని నేను.

"రాయవయ్యా," అన్నాను.

వంగి నెమ్మదిగా రాసి చెక్కు నా వైపు తోశాడు. పేరు కింద ఇలా ఉంది: "మిగతా ఆరుగురి కోసం ఇంకా చూస్తూనే ఉన్నాం. పడవ తీసిన ప్రతిసారీ."