పది దినాల తోడు

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన రోజే ఆ కిటికీ తెరుచుకోదు. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా భీమరావుకు చెమటలు కారుతూనే ఉన్నాయి. ఆ చెమట ఎండకా, పొద్దున తాగనందుకా అనేది ఆయన తేల్చుకోలేకపోయాడు.

ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇరవై ఏళ్లుగా జనాన్ని ‘ఇంకో సంతకం కావాలి’ అని వెనక్కి పంపిన మనిషి. నిన్న తాగుడు మాన్పించే కేంద్రానికి తనంతట తానే నడిచిపోతే, సిస్టర్ మునీరా ఆయన్నే వెనక్కి పంపింది.

“తోడు యాడ సార్?”

“ఎవురూ లేరమ్మా. నేనే వచ్చినా.”

“ఒంటరిగా వస్తే చేర్చుకోము సార్. పది దినాలు పక్కన మనిషుండాల, సంతకం పెట్టాల. సోమవారం పొద్దున తొమ్మిది దాకా మంచం ఆపుతా. ఆ తర్వాత వేరేవాళ్లకి పోతాది.”

పుంగనూరులో చెల్లెలు విజయమ్మ ముందు వీధి తలుపు మూసి, తర్వాత కాఫీ ఇచ్చింది.

“వస్తాలే అన్నా. చీటీలో షుగరని రాయించు.”

“అది తాగేటోళ్ల వార్డు విజయా. ఆడ అట్ల రాయరు.”

“అందుకే చెప్తాండా. మా ఈదిలో అందరికీ నీకు షుగరనే చెప్పిండాను.”

మేనకోడలి ఓణీల పండగలో తన విస్తట్లో మాత్రం లడ్డు ఎందుకు పడలేదో భీమరావుకు అప్పుడు అర్థమైంది.

అక్కడినుంచి కుప్పం. భార్య నందిని మూడేళ్లుగా పుట్టింట్లోనే ఉంటూ బడిలో పాఠాలు చెబుతోంది. గేటు తీయలేదు గానీ, ఆయన చేతుల వణుకు చూసి లోపలికెళ్లి పెరుగన్నం తెచ్చిచ్చింది.

“మీరు మానేసినాక చెప్పండి. అప్పుడు తప్పకుండా వచ్చి సంతకం పెడతా.”

ఫైలు మీద తాను రాసినా అలాగే రాసేవాడు కాబట్టి భీమరావు అన్నం తీసుకుని వెనుదిరిగాడు. బస్టాండులో కూర్చుని తిన్నాడు. తిరిగి ఇవ్వాల్సిన పని లేకుండా, నందిని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిచ్చింది.

ఆదివారం సాయంత్రం మదనపల్లెలో, మందుషాపు వెనక రోజూ పక్కన కూర్చునే మేస్త్రీ గంగులప్ప అడిగాడు. “తింటివా సార్?”

ఇంట్లోవాళ్లు కూడా అడగడం మానేసిన మాట అది. భీమరావు ఉన్నదంతా చెప్పేశాడు.

“నేనొస్తా పద. పది దినాలే కదా.”

“ఆడ మందుండదప్పా.”

“తెలుసు. నువ్వు వణికితే నేను పట్టుకుంటా. నేను వణికితే నువ్వు పట్టుకో.”

గంగులప్ప అప్పుడే ఇంటికెళ్లి, ఉన్న ఒక్క మంచి చొక్కా ఉతికి ఆరేశాడు.

వెంట తీసుకెళితే మునీరా వాసన చూసి ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపుతుందేమో. వద్దంటే, అడక్కుండానే వస్తానన్న ఒకే ఒక్క మనిషి పోతాడు. భీమరావుకు పాలుపోవడం లేదు, ఈ కథ చెబుతున్న నాకూ పాలుపోవడం లేదు. అమ్మా, అయ్యా, మీ ఇళ్లల్లో ఇలాంటిది జరిగే ఉంటుంది, మీరు షుగరని చెప్పుకున్నా సరే. తీసుకెళ్లమందామా, వద్దందామా? కాస్త చెప్పండి, మీకు పుణ్యముంటుంది. మంచం తొమ్మిది దాకానే.