చూడకుండా చెప్పిన మాట

మొహమాటాన్ని ఎవరూ జబ్బుల్లో లెక్కెయ్యరు గానీ, దాన్ని మించిన జబ్బు ఇంకోటి లేదు. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది, మందు వేసుకుంటాం. ఇది అలా కాదు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని నోట్లోంచి ఓ తియ్యటి మాట జారుతుంది. అందరూ నవ్వుకుంటారు, టీ తాగుతారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆ తర్వాత ఎవరి నెత్తిన ఏం పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మన ఇంజనీరమ్మాయి చేసిన నిర్వాకం ఇదే.

ఉద్యోగాల్లో కొత్తగా కుదురుకున్నవాళ్ళని ఏరి, దేశం కాని దేశం పంపి, అక్కడివాళ్ళ ఇళ్ళలోనే ఉంచి, వాళ్ళ పనులు చూపించి, వాళ్ళు చేసే సేవలో ఓ చెయ్యి వేయించే కార్యక్రమం ఒకటుంది. ఆ జట్టులో ఒక నర్సు, రేడియోలో వార్తలు చదివే కుర్రాడు, ఈ సివిల్ ఇంజనీరమ్మాయి. విమానం ఎక్కకముందే ఒకరికొకరు పేర్లు పెట్టేసుకున్నారు. నర్సు నర్సక్క అయింది, కుర్రాడు రేడియో అయ్యాడు, ఇంజనీరమ్మాయి సిమెంటు అయింది. వీళ్ళని వెంటబెట్టుకొచ్చిన రిటైరైన లెక్చరర్ని మాత్రం మర్యాదగా పెద్దాయన అనేవారు.

పెద్దాయనది ఒకటే పాట. "మనం చుట్టాలం. పెట్టింది తినాలి, చూపించింది చూడాలి, బాగుందనాలి. వంకలు పెట్టడానికి రాలేదు మనం."

సిమెంటుకి బస ఇచ్చినాయనకి ఇనప సామాన్ల దుకాణం ఉంది. మనిషి తలుపంత ఉంటాడు, మాట తూకం వేసినట్టు ఉంటుంది. ఆ ఊరి సేవా సంఘంలో అందరూ మాట్లాడేవాళ్ళయితే ఈయన ఒక్కడూ చేసేవాడు. సిమెంటు మొదటి రోజే బాబాయ్ అని పిలిచింది. ఆ పిలుపు ఆయనకి ఎంత నచ్చిందంటే, దుకాణంలో పనివాళ్ళ చేత కూడా అలాగే పిలిపించుకోవడం మొదలుపెట్టాడు. పిన్ని తన కూతురి గది ఈ పిల్లకిచ్చి, పొద్దున్నే వేణ్ణీళ్ళు పెట్టి, చలేస్తుందని తన శాలువా తీసి కప్పేది. అంత ప్రేమగా చూసుకునేవాళ్ళ దగ్గర మొహమాటం ఇంకాస్త ముదురుతుంది కదా. ముదిరింది.

ఆ సంఘం తరపున బాబాయ్ చిన్నపిల్లల బడి ఒకదాన్ని బాగుచేయిస్తున్నాడు. కొళాయిల్లో నీళ్ళు రాక పిల్లలు ఇబ్బంది పడుతుంటే మేడ మీద పెద్ద ట్యాంకు పెట్టించాడు. ఖర్చు సగం ఆయనదే, చాకిరీ మొత్తం ఆయనదే. జట్టువాళ్ళు వచ్చి బయటి గోడలకి రంగులేశారు. చివరి రోజు సాయంత్రం, చేతులు కడుక్కుంటున్న సిమెంటుని బాబాయ్ పెరట్లోకి తీసుకెళ్ళి మేడ మీదకి వేలు చూపించాడు.

"నువ్వు ఇంజనీరువి కదమ్మా. ఎలా ఉందో చెప్పు."

సిమెంటు తలెత్తి చూసింది. ట్యాంకు నల్లగా, నిండుగా, సరిగ్గా రెండు గదుల నడిమిన కూర్చుని ఉంది. కింద రెండు తలుపులున్నాయి. రెండు తలుపులంటే రెండు గదులు, రెండు గదులంటే మధ్యన గోడ. బరువంతా ఆ గోడ మీదకి దిగుతుంది. మంచి చోటే చూసి పెట్టారనుకుంది.

"చాలా బాగుంది బాబాయ్."

"లోపలికి వెళ్ళి కూడా చూస్తావా?"

ఇదుగో, ఇక్కడే జరిగింది అంతా. అవతల పెద్దాయన వ్యాను దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఇవతల బాబాయ్ కళ్ళలో వెలుగు. బాబాయ్ వయసులో పెద్దవాడు, అన్నం పెట్టిన మనిషి, ఇంత శ్రమపడి కట్టిస్తే, లోపలికెళ్ళి గోడలు తట్టి చూస్తే అనుమానించినట్టు ఉండదూ? మనిళ్ళలో పెరిగిన ఏ పిల్లకైనా అలాగే అనిపిస్తుంది.

"మీరు చేశాక చూడాల్సిందేముంది బాబాయ్," అంది నవ్వుతూ.

ఆయనా నవ్వాడు. వ్యాను కదిలింది.

మర్నాడు పొద్దున ప్రారంభోత్సవం. బడి గేటు దగ్గరే హెడ్మిస్ట్రెస్ ఎదురొచ్చి సిమెంటు చెయ్యి పట్టుకుంది.

"మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదండీ. ఇంజనీరు చూసి సరేనంటే తప్ప ఒక్క చుక్క నీళ్ళు కూడా ఎక్కించనివ్వనని నేను మొండికేసి కూర్చున్నాను. నిన్న మీరు చూసి బాగుందన్నారంట కదా. తెల్లారగానే మోటారు వేయించేశాను."

సిమెంటుకి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. తను అన్నది ఊరికే అన్న మాట. ఇంటికొచ్చిన చుట్టాలు ఇల్లు చూసి అనే మాట. వీళ్ళు దాన్ని ఇంజనీరు మాటగా తీసుకుని నీళ్ళు ఎక్కిస్తున్నారు. మేడ పక్కన మోటారు గుర్రుమని మోగుతోంది. సర్లే, మధ్యన గోడ ఉందిగా, ఏం కాదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంటూ లోపలికి నడిచింది. లోపల పిల్లలు పాట ప్రాక్టీసు చేస్తున్నారు.

మొదటి తలుపులోంచి అడుగుపెట్టింది. ఎదురుగా చాపల మీద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక ఇంకా పిల్లలు. వాళ్ళ పక్కన, రెండో తలుపులోంచి ఎండ వచ్చి అదే నేల మీద పడుతోంది.

గోడ లేదు.

సిమెంటు పక్కనున్న టీచర్ని అడిగింది.

"ఇక్కడ మధ్యలో గోడ ఉండాలి కదండీ?"

"ఉండేదండీ. మొన్న సెలవుల్లోనే సంఘంవాళ్ళు తీయించారు. పిల్లలందరూ ఒకేచోట కూర్చోవడానికి హాలులా ఉండాలని మేమే అడిగాం."

సిమెంటు తలెత్తింది. నిన్నా మొన్నా తన జట్టు వేసిన రంగు కాదు అది, సీలింగుకి ముందే వేసేశారు. తెల్లటి ఆ రంగు మీద, ఒకప్పుడు గోడ ఉన్న చోట, వెంట్రుకంత గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది. పైన పది వేల లీటర్ల ట్యాంకు. పది వేల లీటర్లంటే పది టన్నులు. ఆపడానికి గోడ లేదు, దూలం లేదు, మామూలు గదుల కోసం వేసిన పల్చటి శ్లాబు తప్ప. కింద పిల్లలు చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. మోటారు ఇంకా మోగుతూనే ఉంది.

గుమ్మంలో పెద్దాయన కనిపించాడు. సిమెంటు ఆయన్ని పక్కకి లాగి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది, కానీ మాట మాత్రం మారలేదు.

"అమ్మా, ముఖ్య అతిథి వచ్చే వేళయింది. ఇప్పుడు కాదంటే మన పరువు, ఆయన పరువు రెండూ పోతాయి. కార్యక్రమం అవ్వనీ. తర్వాత మెల్లగా చెబుదాం."

"తర్వాత అంటే ఎవరికి చెబుతాం సార్?"

పెద్దాయన చెడ్డవాడు కాదు, ఈ పిల్లకున్న జబ్బే ఆయనకీ ఉంది, కాకపోతే పాతది. నిన్న చూడకుండా చెప్పానని సిమెంటు ఇప్పుడు అందరి ముందూ ఒప్పుకోవాలి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా హెడ్మిస్ట్రెస్ దగ్గరకి వెళ్ళింది.

"పిల్లల్ని బయటికి పంపించండి. ఇప్పుడే. పరుగులు పెట్టించొద్దు. మోటారు ఆపించండి."

"ఎందుకు? మీరు చూశారు కదా?"

"చూడలేదండీ. బయట నుంచి చూసి చెప్పాను. నాది తప్పు. ముందు పిల్లల్ని పంపండి."

ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. అదే పాట పాడుకుంటూ లైను కట్టి మైదానంలోకి నడవమని పిల్లలకి చెప్పింది. నర్సక్క రెండో తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి భుజం తట్టి బయటికి పంపింది. రేడియో పరిగెత్తుకెళ్ళి మోటారు కట్టేసి, గోడ వెంట కిందికి దిగిన పైపుకున్న వాల్వు పూర్తిగా తిప్పాడు. నీళ్ళు మట్టిలోకి దూకాయి. కానీ అన్ని నీళ్ళు పోవాలంటే మాటలా?

సరిగ్గా అప్పుడు బాబాయ్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో రిబ్బను కత్తెరతో. మైదానంలో పిల్లలు, కాలువ కట్టిన నీళ్ళు, మొహాలు వేలాడేసుకున్న సంఘంవాళ్ళు. ఎవరో చెప్పారు. ఆయన సిమెంటు వైపు ఒక్క చూపు చూశాడు. తిన్నగా ఆ గదిలోకి వెళ్ళి, నడి మధ్యన, ఆ గీత కిందే, పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు.

"నేను కట్టించింది కూలదు. కూలితే నా మీదే కూలనీ," అన్నాడు.

గుమ్మంలోంచి అందరూ పిలిచారు. హెడ్మిస్ట్రెస్ బతిమాలింది. ఆయన వెంట వచ్చిన పిన్ని ఏడుస్తూ లోపలికి పోబోతే నర్సక్క గట్టిగా పట్టుకుంది. పైనించి టప్పుమని రంగు పెచ్చు ఒకటి రాలి బాబాయ్ భుజం మీద పడింది. ఆయన దాన్ని దులుపుకోలేదు కూడా.

సిమెంటు లోపలికి నడిచింది. పెద్దాయన వెనక నుంచి వద్దు వద్దంటూనే ఉన్నాడు. ఏ ఇంజనీరూ చెయ్యకూడని పని అది, ఆమెకి తెలుసు. బాబాయ్ ఎదురుగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిన్న బాగుందన్నావు. ఇవాళ కూలుతుందంటున్నావు. రాత్రికి రాత్రి ఏం మారింది?" అన్నాడాయన.

"ఏం మారలేదు బాబాయ్. నిన్న నేను చూడలేదు."

"చూడకుండా ఎలా చెప్పావు?"

"మీరు బాధపడతారని."

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఎదుట ఉన్నది ఎవరో కొత్త మనిషి అన్నట్టు చూశాడు.

"నేనెందుకు బాధపడతాను? ఇనుము అమ్ముకునేవాణ్ణి. ఇలాంటివి నాకు తెలీవు కాబట్టే నిన్ను అడిగాను. లోపలికి వెళ్ళి చూడమన్నాను. పొగడమని అడగలేదమ్మా."

సిమెంటుకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళుగా నేర్చుకున్న మర్యాద అంతా ఆ ఒక్క మాటతో వట్టిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడవడానికి అది చోటు కాదు.

"తప్పయిపోయింది బాబాయ్. ఇప్పుడు చూశాను, ఇప్పుడు చెబుతున్నాను. ఇది బాగాలేదు. నిన్నటి మాట నమ్మినట్టే ఈ మాట కూడా నమ్మండి. లేవండి."

పైన శ్లాబులో ఎక్కడో చిన్న చప్పుడయింది, ఎవరో వేలు విరిచినట్టు. బాబాయ్ తలెత్తి ఆ గీత వైపు చూశాడు. నెమ్మదిగా లేచాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరూ గోడ వారగా నడిచి బయటికొచ్చారు.

ఆ తర్వాత ఆయన పని మనిషైపోయాడు. దుకాణం నుంచి శ్లాబు కింద ఆసరాగా నిలబెట్టే ఇనప జాకీలు తెప్పించాడు. నీళ్ళన్నీ పోయేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. ట్యాంకు ఖాళీ అయ్యాక సిమెంటు చూపించిన చోటల్లా జాకీలు నిలబెట్టించాడు. ముఖ్య అతిథి వచ్చి, కట్ చెయ్యని రిబ్బను ముందు కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. శ్లాబు కూలలేదు. కూలేదో లేదో ఇక ఎవరికీ తెలీదు. సంఘంవాళ్ళలో ఒకరిద్దరు అప్పుడే గొణగడం మొదలుపెట్టారు, ఊరికే కంగారు పెట్టి మన పరువు తీసిందని. పెద్దాయన వాళ్ళ మధ్యకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి, తప్పు మాదేనండీ అని చెప్పాడు. ఆయన అంతమాట అనడం జట్టువాళ్ళు ఎప్పుడూ వినలేదు.

సిమెంటు పెరట్లో గట్టు మీద కూలబడింది. అయిపోయింది, పిల్లలు బయటపడ్డారు, ఇక చాలు అనుకుంది. బాబాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులకి తుప్పు అంటుకుని ఉంది.

"పోయినేడు కూడా మీ దేశం నుంచి ఒక జట్టు వచ్చింది," అన్నాడు. "అందులోనూ ఒక ఇంజనీరు ఉన్నాడు. ఆ కుర్రాడూ మా ఇంట్లోనే దిగాడు."

ఇప్పుడు అదెందుకు చెబుతున్నాడో సిమెంటుకి అర్థం కాలేదు.

"అప్పుడు ఏటి అవతల బడిలో ట్యాంకు పెట్టాం. అక్కడా ఇలాగే హాలు కావాలంటే గోడ తీశాం. అది బాగా కుదిరిందనే ఇక్కడా అలాగే చేశాం."

సిమెంటు ఆయన వైపు తిరిగింది.

"అతను లోపలికి వెళ్ళి చూశాడా బాబాయ్?"

ఆయన లేదన్నట్టు తల ఊపాడు. "ట్యాంకు కనబడేలా నిలబడి ఫోటో దిగాడు. చాలా బాగుందన్నాడు."

"అందులో నీళ్ళున్నాయా?"

"ఏడాది నుంచీ నిండుగానే ఉంటోంది."

సంగతి చెప్పగానే హెడ్మిస్ట్రెస్ ఆ బడికి ఫోను చేసింది. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. క్లాసులు జరిగే వేళ, ఆఫీసు గదిలో ఎవరుంటారు? మళ్ళీ చేసింది. అప్పటికే బాబాయ్ కారు దగ్గరకి పరిగెడుతున్నాడు, ఆయన వెనక సిమెంటు. ఆమె తలుపు వేసుకునేలోపే కారు కదిలింది.