అత్తగారి తోట

ఉతికిన బట్టలు మడతపెడుతూనే ఆమె మీటింగులో కూర్చుంది. కెమెరా ఆపేసింది కాబట్టి ఒళ్లో చొక్కాల గుట్ట ఎవరికీ కనపడదు. అవతల ఆఫీసులో భర్త, పెట్టుబడిదారుడు, ఇంజనీర్లు. ఫోనులో తోటలు పెంచుకునే ఆ ఆట పుట్టింది ఆమె బుర్రలో. మొదటి కోడ్ రాసిందీ ఆమే. అయినా మొన్నొక యూట్యూబ్ చానల్ యాంకరమ్మాయి స్టార్టప్ గురించి అడగాల్సినవన్నీ భర్తను అడిగి, చివర్లో ఆమె వైపు తిరిగి, "ఇల్లూ ఆఫీసూ ఎలా నెట్టుకొస్తున్నారు మేడమ్?" అంది. దానికీ భర్తే జవాబిచ్చాడు. "తను లేకపోతే నాకు సాక్సులు కూడా దొరకవండీ!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

"జనం ఆడి ఆడి మానేస్తున్నారు," అంటున్నాడు పెట్టుబడిదారుడు. "రోజూ రాకపోతే తోట ఎండిపోవాలి. భయం ఉంటేనే మనిషి తిరిగొస్తాడు."

"బాగుంది. తను చూసుకుంటుంది," అన్నాడు భర్త.

ఇంట్లో గ్యాస్ అయిపోయినా, ఆఫీసులో సర్వర్ పడిపోయినా చూసుకునే 'తను' ఒక్కతే. ఆ రూలు కూడా తనే రాసింది. ముందు ఇంట్లోవాళ్ల ఫోన్లలో పెట్టి చూద్దామని భర్త అంటే సరేనంది.

అత్తగారికి ఆట నేర్పింది ఆమే. పగటిపూట నడుం వాల్చడం ఎరగని మనిషి, ఇప్పుడు కిటికీ పక్కన కళ్లజోడు సర్దుకుంటూ మొక్కలకు నీళ్లు పోసుకుంటుంది. మామగారు టీ అడిగితే, "కాసేపాగండీ," అంటుంది. ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఏ ఆడమనిషి నోటా రాలేదు. "మంచి పిచ్చే అంటించావు మా అమ్మకి," అని భర్త విసుక్కుంటే లోపల గర్వంగా అనిపించింది. మరుక్షణమే గుబులు. తాను ఆవిడకిచ్చింది తీరికా, మరో చాకిరీనా? ఎంత ఆలోచించినా మనసు ఓసారి ఇటూ, ఓసారి అటూ మొగ్గేది.

ఇంతలో ఆడపడుచు కుటుంబంతో వచ్చింది. వాళ్లున్నన్నాళ్లూ అత్తగారు వంటగది వదల్లేదు. వెళ్లాక ఫోను తెరిచి కేకేసింది.

"అమ్మాయ్, ఇదేంటే, అంతా ఎండిపోయింది!"

"రోజూ రాకపోతే అంతే అత్తయ్యా. మళ్లీ వేసుకోవచ్చు."

"వేసుకోవచ్చులే." ఆవిడ తెరను కొంగుతో తుడిచింది, మరకేమో అన్నట్టు. "పొయ్యి దగ్గర ఆలస్యమైతే మీ మామయ్య మొహం మాడ్చుకునేవారు. ఇక్కడా అదేనా? ఎవరే ఈ రూలు పెట్టింది?"

'మీ అబ్బాయి' అనబోయింది. 'పెట్టుబడిదారుడు' అనబోయింది. రెండూ నిజమే, రెండూ అబద్ధమే.

"నేనే అత్తయ్యా. చెయ్యమన్నారు, చేశాను."

తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు. "అంతేలే. నేనూ అన్నీ అలాగే చేశాను," అని టీ పెట్టడానికి లేచింది.

ఆమె గదిలోకొచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఆట మునిగితే ఇంజనీర్ల ఉద్యోగాలేం కావాలి? ఒకవేళ పెట్టుబడిదారుడు చెప్పిందే నిజమైతే? అత్తగారి మీది జాలి ఇది, లేక తన మీద తనకేనా? జవాబు దొరక్కుండానే వేళ్లు పని కానిచ్చేశాయి.

సాయంత్రం ఆఫీసు నుంచి భర్త ఫోను. "ఆ రూలు కనపడదేంటి? ఎక్కడుంది?"

"తీసేశాను."

"తీసెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

ఆమె నిజంగానే వెతుక్కుంది, ఎవరైనా చెప్పారేమోనని.

"ఎవరూ చెప్పలేదు," అంది.