మావాడేనండీ, ఏదో చేస్తుంటాడు

విమానాల కంపెనీకి ఈ ప్రాంతపు ప్రతినిధి అంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. ఆయన రోజూ ఆకాశంలోనే కాఫీ తాగుతాడని చుట్టాల్లో సగంమంది నమ్మకం. నిజానికి ఆ కాఫీ విమానాశ్రయం వెనక గేటు పక్కన, ఇరుకు గదిలో, రెండు ఫోన్ల మధ్య చల్లారిపోతూ ఉండేది. వ్యాపారస్తులు సొంతానికి కొనుక్కునే చిన్న జెట్ విమానాలు ఆ కంపెనీవి. ఏ విమానం మొరాయించినా మొదటి ఫోను ఈయనకే. కస్టమ్స్‌లో ఇరుక్కున్న బ్రేకులు విడిపించాలి, పైలట్లకు గదులు చూడాలి, మీటింగు తప్పిపోయిన ఆసామి అరుపులు వినాలి. ప్రతినిధి అంటే అదీ.

అరుపులు ఈయన వంతైతే, రిపేర్లు బావమరిది వంతు. భార్యకు సొంత తమ్ముడు. రన్‌వే చివర విమానాలు నిలిపే రేకుల షెడ్డు, అదే హ్యాంగర్, అద్దెకు తీసుకుని, కొద్దిమంది మెకానిక్‌లను పెట్టుకుని పని చేసేవాడు. లైసెన్సులన్నీ ఉన్నాయి, లేనిదల్లా కంపెనీ గుర్తింపు. వారంటీలో ఉన్న విమానానికి పెద్ద పని ఏదైనా గుర్తింపు ఉన్నచోటే చేయించాలి. కొత్తగా వచ్చేవన్నీ వారంటీవే. పాత విమానాలు ఒక్కొక్కటే అమ్ముడైపోతున్నాయి. గుర్తింపు రాకపోతే హ్యాంగర్‌కు తాళం పడుతుందని అతనికీ తెలుసు, అక్కకీ తెలుసు, బావకీ తెలుసు.

చివరికి మన ప్రాంతానికీ పక్క ప్రాంతానికీ కలిపి ఒకే సర్వీసు కేంద్రం పెడతామంది కంపెనీ. పోటీలో ఇద్దరే. ఒకటి మన రేకుల హ్యాంగర్, రెండోది పక్కవాళ్ళ అద్దాల హ్యాంగర్. చూసి తేల్చడానికి కంపెనీ పెద్ద మేడమ్ విదేశం నుంచి బయల్దేరి వచ్చింది.

"బావా, ఆవిడ అడిగితే నా గురించి కాస్త గట్టిగా చెప్పు."

"నేను చెప్పేదేముందిరా, నీ పనే చెబుతుంది."

"పనికి నోరెక్కడిది బావా! నోరు నీ దగ్గరుంది."

ఆవిడకు తెలుగు రాదు. బావమరిదికి ఇంగ్లీషు అవసరానికి నాలుగు ముక్కలే. ప్రతినిధి మధ్యలో నిలబడి అటుదిటూ ఇటుదటూ చేరవేశాడు. ఆవిడ పనిముట్ల అలమరాలు తెరిపించింది, విప్పి ఉన్న చక్రం దగ్గర వంగి చూసింది, మెకానిక్‌లతో మాట్లాడింది. ముఖం ప్రసన్నంగానే ఉంది. వెళ్ళబోతూ కారు దగ్గర ఆగి ప్రతినిధిని అడిగింది. "ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదా, ఇతను ఇంత పని మోయగలడా?"

ఆయన ఛాతీ ఉబ్బింది. ఇంజిన్ మొత్తం మార్చాల్సిందేనని అందరూ చేతులెత్తేసిన విమానాన్ని బావమరిది ఒక్క వైరు మార్చి ఎగరేసిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సొంతవాణ్ణి పొగుడుకుంటే ఏం బాగుంటుంది? చుట్టరికం చూపిస్తున్నాడనుకోదూ? అందుకని మన ఇళ్ళల్లో ఎలా చెబుతామో అలాగే చెప్పాడు. తల కాస్త వంచి, నవ్వుతూ, "మావాడేనండీ, ఏదో చేస్తుంటాడు" అన్నాడు. కాకపోతే ఇంగ్లీషులో అన్నాడు.

తెలుగులో ఆ మాట విన్నవాడు ఎవడైనా 'అమ్మో, పనిమంతుడన్నమాట' అనుకుంటాడు. పిల్ల క్లాసులో మొదట వస్తే 'ఏదో చదువుతోందండీ' అంటాం. మూడంతస్తుల మేడ కట్టి 'ఏదో తల దాచుకోవడానికి' అంటాం. ఆ 'ఏదో' వెనక ఎంత గర్వం ఉందో మనకు తెలుసు. ఇంగ్లీషులోకి దిగేసరికి గర్వం కాస్తా ఇటే ఉండిపోయింది, 'ఏదో' ఒక్కటీ ఆవిడ చెవిన పడింది. ఆవిడ తలూపి కారెక్కింది. మన మహానుభావుడు సంతోషంగా చెయ్యి కూడా ఊపాడు.

గుర్తింపు అద్దాల హ్యాంగర్‌కు పోయింది. ఆ మాట ఆవిడే ఫోను చేసి చెప్పింది.

"మీరు కళ్ళారా చూశారు కదండీ," అన్నాడు ప్రతినిధి.

"చూశాను, నచ్చింది. కానీ అద్దాల హ్యాంగర్‌కు అక్కడి ప్రతినిధి పూచీ ఇచ్చాడు. ఇంటివాడివి, నీకే నమ్మకం లేకపోతే నేనెలా నమ్మను?"

అది మా మర్యాదండీ అని ఏదేదో చెప్పబోయాడు. ఆవిడ ఓపిగ్గా విని, అది ఆ రోజు చెప్పాల్సిందని ఊరుకుంది.

ఇంట్లో భార్య నిలదీసింది. "ఇంతకీ మా తమ్ముణ్ణి ఏమన్నారు?"

"ఏదో చేస్తుంటాడని... మర్యాదకి అన్నానే."

"మీ కారు నడపడం గురించి ఎవరైనా అడిగితే గంటసేపు చెబుతారే! అప్పుడు రాదేం ఈ మర్యాద?"

ఆయన దగ్గరున్న జవాబు పైకి చెప్పుకునేది కాదు. మర్యాద సగమే. మిగతా సగం, తన పేరుకు మచ్చ పడుతుందన్న భయం. తన చొక్కా నలగకుండా చూసుకుని బావమరిది కడుపు కొట్టాడు. ఆ సిగ్గుతో చాలా రోజులు హ్యాంగర్ వైపు వెళ్ళలేకపోయాడు.

పాత విమానాలూ తగ్గిపోయాయి. బావమరిది హ్యాంగర్ వదులుకుని, ఆ అద్దాల హ్యాంగర్లోనే జీతానికి కుదిరాడు. సామాను సర్దే రోజు పొద్దున్నే ప్రతినిధికి మేడమ్ ఫోను మళ్ళీ వచ్చింది. హ్యాంగరే లేని చోట ప్రతినిధి ఎందుకని ఆయన్నీ తీసేద్దామనుకున్నారట. కొత్తగా చేరుతున్న బావమరిదిని పలకరిస్తూ ఆవిడ ఈయన గురించి అడిగితే, అతను చెప్పింది విని మనసు మార్చుకున్నారట.

ఆయన ఇక ఆగలేక హ్యాంగర్‌కు వెళ్ళాడు. బావమరిది రెంచీలు తుడిచి పెట్టెలో పేరుస్తున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు ఆవిడతో నేను..."

"అక్క అప్పుడే చెప్పిందిలే బావా."

"తెలిసి కూడా నా గురించి అంత గొప్పగా చెప్పావా?"

బావమరిది చేతిలోని రెంచీని పెట్టెలో పెట్టాడు. "నేనూ 'మా బావేనండీ, ఏదో తిప్పలు పడుతుంటాడు' అందామనే అనుకున్నాను. అంత ఇంగ్లీషు నాకెక్కడ ఏడ్చింది? 'మంచివాడు, పనిమంతుడు' అని వచ్చిన రెండు ముక్కలూ అనేశాను," అని నవ్వాడు.

ప్రతినిధికి నవ్వు రాలేదు. ఆ రెండు ముక్కలూ ఆయనకు చిన్నప్పటి నుంచీ వచ్చు.