చక్రాల కుర్చీలో షాటు

అమ్మమ్మ చక్రాల కుర్చీలో కెమెరా పట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు ఫిలిపో వెనక నుంచి తోస్తున్నాడు. ముందు హీరోయిన్ ఫెటు నడుస్తోంది. గతుకుల మీద ఇంట్లో చాపలన్నీ పరిచినా కెమెరాలో బొమ్మ వణుకుతూనే ఉంది. పొద్దుటినుంచీ ఇదే బాగోతం.

"చేతులు పడిపోయాయే అక్కా!"

"నోర్మూసుకుని తొయ్యరా!"

ఇంతలో సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదారు. అది వినబడితే మా సమోవా పల్లెల్లో ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి. తిరిగితే జరిమానాగా పంది ఇచ్చుకోవాలి. ఫిలిపో కుర్చీ వదిలేసి చతికిలబడ్డాడు. ఫెటూ దారి పక్కన కూర్చుండిపోయింది. కుర్చీ మాత్రం వాలులో నన్ను మోసుకుపోయింది.

బొమ్మ వెన్నలా సాగింది. అందులో ఫెటు లేదు. ఖాళీ దారి, దాని చివర ఎవరూ తిరగకుండా కర్ర పట్టుకుని కాపలా కాస్తున్న పెదనాన్న.

"కూర్చునే ఉన్నాను కదా పెదనాన్నా," అన్నాను నీరసంగా.