దేవుడు క్షమిస్తాడు

అప్పటికి నెద్యాల్కా నలభై కొవ్వొత్తుల దాకా పీకేసింది. ఎడమచేత్తో కొవ్వొత్తిని పట్టుకోవడం, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఉమ్మితో తడిపి వత్తి నలపడం, కాళ్ళ దగ్గరున్న రేకు బకెట్లో పడేయడం. పై పళ్ళెంలోవి బతికున్నవాళ్ళ కోసం. కింద ఇసుక తొట్టిలోవి పోయినవాళ్ళ కోసం. నెద్యాల్కాకి మాత్రం అన్నీ మైనమే. సగం కాలకముందే తీసేస్తే వెనక వచ్చేవాళ్ళకి చోటుంటుంది, మైనం మళ్ళీ కరిగించుకోవచ్చు. బల్గేరియా కొండల్లోని ఆ చిన్న ఊరి చర్చిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె పని ఇదే. ఊడవడం, కడగడం, పీకడం, తాళం వేయడం.

పొట్టి మనిషి. మోకాళ్ళు వాచిపోయి ఉంటాయి. నల్ల రుమాలు కింద నుంచి నెరిసిన జుట్టు ఓ పాయ ఎప్పుడూ బయటికి వస్తుంది. ఆ రెండు వేళ్ళ చివర్లూ కాయలు కాసి మొద్దుబారిపోయాయి, సెగ తెలియదు. ఫాదర్ యెవ్తిం "ప్రభువా, కరుణించు" అని నలభైసార్లు చదువుతుంటే ఆమె పెదవులు కదుపుతూ కిటికీ అద్దాలు లెక్కపెడుతుంది, పొయ్యి మీది చిక్కుళ్ళు ఉడికాయో లేదో ఆలోచిస్తుంది. ఊరంతా ఆమెని సగం స్వర్గానికి చేరిపోయిన మనిషనుకుంటుంది. అబద్ధమెందుకు, ఆమె కూడా అలాగే అనుకునేది.

"ఏయ్!"

నలభై ఒకటో కొవ్వొత్తి చేతిలో ఉంది. గెనా గుమ్మం దాకా వెళ్ళి, మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి తిరిగింది. గెనా మొగుడు మించో నెలరోజులుగా ఊపిరితిత్తుల జబ్బుతో మంచంలో ఉన్నాడు. ఆ కొవ్వొత్తి అతని కోసం వెలిగించి రెండు నిమిషాలు కాలేదు.

"మా ఆయన ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడే! అప్పుడే ఆర్పేస్తావా? నీ చేతులు పడిపోను!"

"చోటు లేదు. అందరివీ తీస్తున్నాను. నీదొక్కటే బంగారమా?"

"ఎవరి కోసం వెలిగిందో ఒక్కసారైనా తలుచుకుని తీశావా? చర్చిలో ఉన్నావో గోదాములో ఉన్నావో తెలుస్తోందా నీకసలు?"

జనం ఆగి చూస్తున్నారు. నెద్యాల్కా ముఖం కందగడ్డయింది. లోపలి నుంచి ఫాదర్ వచ్చి చేతులూపాడు. "క్షమాపణల ఆదివారం రోజు ఈ గోలేంటమ్మా? చెప్పుకోండి, అయిపోతుంది."

రేపటి నుంచి ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసం. ఈరోజు ఊళ్ళో ప్రతివాడూ ప్రతివాడితో "క్షమించు" అంటాడు. అవతలివాడు "దేవుడు క్షమిస్తాడు" అంటాడు. సాయంత్రం ప్రార్థనయ్యాక వరసగా నిలబడి అందరూ అందరికీ చెప్పుకుంటారు. నెద్యాల్కా ఏటా గుమ్మం పక్కన నిలబడి నూరుమందికి నూరుసార్లు ఆ మాట అప్పజెప్పి, ఎప్పుడు తాళం వేద్దామా అని చూసేది.

"క్షమించు," అంది ఇప్పుడు బకెట్లోకి చూస్తూ.

"దేవుడు క్షమిస్తాడు," అంది గెనా. "నేను క్షమించను." గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

జనం వెళ్ళిపోయాక నెద్యాల్కా నేల కడగడం మొదలుపెట్టింది. కడగడం కాదు, నేలని కొట్టడం. నన్నంటుందా? ఈస్టర్‌కీ క్రిస్మస్‌కీ ముఖం చూపించే మనిషి నన్నంటుందా? గుడ్డ పిండి విసిరి, బలిపీఠం వైపు తిరిగింది.

"నువ్వే చెప్పు! ముప్ఫై ఒక్క ఏళ్ళు నీ ఇల్లు ఊడ్చాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్కరోజైనా నన్ను పలకరించావా?"

ఖాళీ చర్చిలో ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. మరి నేను పలకరించానా అనుకుంది. ఎంత వెతికినా అమ్మ పోయిన రోజు తర్వాత ఆయనతో అన్న ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు. నేల మీద చతికిలబడింది. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మళ్ళీ కోపం వచ్చింది.

లేచి బకెట్లో చెయ్యి పెట్టింది, మించో కొవ్వొత్తి వెతికి తీద్దామని. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఎవరిదో, ఎవరు బతికున్నవాళ్ళో, ఎవరు పోయినవాళ్ళో. బకెట్‌ని ఒక్క తన్ను తన్నింది. కొత్తదొకటి తీసుకుని, తాళం వేసి, తాళంచెవులు ఏప్రాన్ జేబులో పడేసుకుని బయల్దేరింది.

గెనా తలుపు సగమే తీసింది. "మైనం చాల్లేదా? ఇంకా పీకడానికి వచ్చావా?"

"ఎవరే?" లోపలి నుంచి మించో.

"నీ కొవ్వొత్తి పీకినావిడ."

"రానీ. పీకడానికి నాలో ఇంకేమైనా మిగిలుంటే తీసుకుపోతుంది."

మించోని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళు కొండ బస్సు నడిపిన చేతులు, ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకోవడానికే ఓపిక లేదు. నెద్యాల్కా మంచం పట్టె పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి.

"మించో, నన్ను క్షమించు."

"దేవుడు క్షమిస్తాడు పిల్లా," అన్నాడతను అలవాటుగా.

"దేవుడి సంగతి నేను చూసుకుంటాను!" అని అరిచింది. "ఆయనకీ నాకూ వేరే లెక్కలున్నాయి. నువ్వు క్షమించావా లేదా, అది చెప్పు!"

గెనా నోరు తెరిచి చూస్తోంది. చావుబతుకుల్లో ఉన్నవాడి మీద అరిచేదెవరు? మించో నెద్యాల్కా వైపు తల తిప్పాడు. దగ్గొచ్చింది, ఆగింది.

"ఇలా ఎవరూ అడగలేదు నన్ను. క్షమించాను. వెలిగించు మరి."

కిటికీ దగ్గర గాజుగ్లాసులో నిలబెట్టి వెలిగించింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రార్థన మొదలుపెడితే నోటికొచ్చినదేదీ పుస్తకంలోది కాదు. "ఈయనకి ఊపిరాడేట్టు చెయ్యి. చెయ్యవా? అయితే నొప్పి లేకుండా తీసుకెళ్ళు. నేనిక్కడే కూర్చుంటాను, తప్పించుకుపోలేవు." కాసేపటికి గెనా వచ్చి పక్కన నిలబడింది. ఇంకాసేపటికి ఆమె చెయ్యి నెద్యాల్కా భుజం మీద ఉంది. నేను కూడా క్షమించానని గెనా అనలేదు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

సాయంత్రం తలుపు దబదబ మోగింది. ఫాదర్ యెవ్తిం. ఊరంతా తాళం వేసిన చర్చి ముందు చలిలో నిలబడి ఉందట.

"బుద్ధుందా నీకు? ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా..." అంటూ లోపలికొచ్చిన మనిషి మంచం చూసి ఆగిపోయాడు.

మించో ఎప్పుడు పోయాడో వాళ్ళిద్దరికీ సరిగ్గా తెలియలేదు. కొవ్వొత్తి ఇంకా బెత్తెడుంది. గెనా దాని వైపు చూసింది. నెద్యాల్కా తల అడ్డంగా ఊపింది, కాలనీ అన్నట్టు. జేబులోంచి తాళంచెవులు తీసి ఫాదర్ చేతిలో పెట్టింది.

"మీరే తెరుచుకోండి. ఇది పూర్తిగా కాలేదాకా నేను రాను."

ఫాదర్ టోపీ తీశాడు. "అరిచాను. క్షమించమ్మా."

దేవుడు అనే మాట నెద్యాల్కా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కాసేపాగండి ఫాదర్. ఆలోచించుకుని చెప్తాను."

ఆయన వెళ్ళాక గెనా మించో కళ్ళు మూసింది. మంచం పైన దూలానికి ఎర్రదారంతో ఏదో వేలాడుతోంది. ఉపవాసం ముందురోజు ఇంటిల్లిపాదీ చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకోవాలని ఆడుకునే తెల్ల హల్వా ముక్క. వద్దంటే వినకుండా, నెద్యాల్కా రాకముందే కట్టించుకున్నాడని చెప్పింది గెనా. తలుపు గాలికి అది మెల్లగా తిరిగింది. ఒక మూలన చిన్న పంటిగాటు ఉంది.