బల్ల రొట్టె

మధ్యాహ్నం రెండు దాటింది. టమాటా తోటలో ఇంకా నాలుగు సాళ్ళు మిగిలే ఉన్నాయి. మార్తమ్మ ఒంచిన నడుము ఎత్తకుండా కాయలు తెంపి బాక్సులో వేస్తోంది. ఒకసారి ఎత్తితే మళ్ళీ ఒంగడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. పొద్దున ఎనిమిదికి దిగితే సాయంత్రం ఐదున్నర దాకా పని, ఆడవాళ్ళకు మూడువందల యాభై కూలి. ఈరోజు మాత్రం నాలుగింటికే వెళ్ళిపోతానని, కూలిలో యాభై పట్టుకొమ్మని తోట యజమాని ఆంజనేయప్పకు ముందే చెప్పుకుంది. నెలలో మొదటి ఆదివారానికి ముందు వచ్చే శనివారం ఆమె ఎప్పుడూ ఇలాగే చేస్తుంది. పదకొండేళ్ళుగా చేస్తోంది.

"బయ్యీ, నీళ్ళు తాగిపోదువు రా!" గట్టుమీంచి కేకేసింది ఆంజనేయప్ప భార్య అంజనమ్మ.

ఊరికి ఆమె బయ్యమ్మ. బాప్తిస్మం తీసుకున్నాక వచ్చిన పేరు మార్తమ్మ. ఆ పేరుతో ఆమెను పిలిచేది ఊరి బయట ఎస్సీ కాలనీవాళ్ళు మాత్రమే, అదీ రేకుల కప్పు వేసిన ప్రార్థన గది చుట్టుపక్కలే. గట్టు కింద గొంతుక్కూర్చుని దోసిలి పట్టింది. అంజనమ్మ చెంబు ఎత్తి పోసింది. మిట్టేమరి ఊళ్ళో కాలనీవాళ్ళ చేతికి చెంబు ఇవ్వరు. అది కోపంతో చేసే పనీ కాదు, పగతో చేసే పనీ కాదు. అంజనమ్మది నిజానికి మెత్తటి మనసు. పోస్తూనే "రొంత నిదానంగా తాగు, పొరబోతాది" అంది. వేళ్ళ సందుల్లోంచి జారిన నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే తాగడం మార్తమ్మకు పుట్టినప్పటినుంచీ అలవాటే. ఆమెకు యాభై రెండేళ్ళు.

"రేపు బల్ల గదా?" అంది అంజనమ్మ, చెంబు బోర్లిస్తూ. "నాకు ఇదే మొదటిసారి. గుండె దడదడా అంటాండాది బయ్యీ."

"భయమేల్నమ్మా? ఆయప్ప పిల్చి పెట్టే కూడు అది. ఆకలైనోళ్ళు తింటారు, అంతే."

అంజనమ్మను ప్రభువు దగ్గరికి తెచ్చింది మార్తమ్మే. పోయిన ఏడాది ఆమె కొడుకు రవీంద్ర చింతామణి రోడ్డులో బైకు మీంచి పడి, బెంగుళూరు ఆస్పత్రిలో పన్నెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఇల్లు గుర్తొచ్చి ఒక పూట ఊరికి వచ్చిన తల్లి, ఇంట్లో ఉండలేక ఈ గట్టుమీదికొచ్చి కూలబడి ఏడ్చింది. కలుపు తీస్తున్న మార్తమ్మ చేతిలోది పారేసి పరుగెత్తుకొచ్చింది. "మా ప్రభువుని అడుగుదామమ్మా. ఆయప్ప యెవుర్నీ కాదనడు" అంది. ఆ రోజు అంజనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, ప్రార్థన అయ్యేదాకా వదల్లేదు. మట్టి అంటిన చేతులవి, కాలనీ చేతులవి. ఆ ఘడియలో ఎవరికీ ఏదీ గుర్తు లేదు.

రవీంద్ర బతికాడు. డాక్టర్లు బతికించారని మార్తమ్మ మొగుడు పిళ్ళప్ప అంటాడు, ప్రభువేనని ఆమె అంటుంది. అంజనమ్మ మాత్రం అప్పటినుంచీ ఒక్క ఆదివారం కూడా మానలేదు, బాప్తిస్మం కాలేదని బల్ల వేళకు మాత్రం లేచి వెళ్ళిపోయేది. పోయిన వారమే బాప్తిస్మం తీసుకుంది. ఆంజనేయప్ప ప్రార్థనకు రాడు గానీ, బాగేపల్లి రోడ్డు పక్కన ముప్పై బై నలభై సైటు మందిరానికి రాసిచ్చాడు.

నాలుగున్నరకల్లా మార్తమ్మ తలస్నానం చేసి పొయ్యి ముందు కూర్చుంది. బల్ల అంటే మరేమీ కాదు, ప్రభువు తన చివరి రాత్రి శిష్యులకు రొట్టె విరిచి ఇచ్చినదాన్ని తలుచుకుంటూ విశ్వాసులంతా కలిసి తినే రొట్టె, తాగే రసం. ఆ రొట్టె చేసే పని మార్తమ్మది. గోధుమలు తనే ఏరి, కడిగి, ఆరబోసి, మిల్లుకు తీసుకెళ్ళి దగ్గర నిలబడి ఆడించుకొస్తుంది. సోడా వెయ్యదు, పులియబెట్టదు. బాగేపల్లి సంతలో కొన్న ఇనప పెనం ఒకటి ఉంది. దానిమీద ఆ రొట్టె తప్ప మరొకటి కాలదు. మిగతా రోజుల్లో తెల్లగుడ్డలో చుట్టి అటకమీద ఉంటుంది. రసానికి చిక్కబళ్ళాపురం వైపునుంచి వచ్చే నల్లద్రాక్ష కిలో కొని, ఉడకేసి వడగడుతుంది.

పిండి కలిపేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. విశ్వాసుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పిసుకుతుంది. ఫలానావాడి తాగుడు, ఫలానాదాని గర్భం, ఫలానా ముసలాయన కళ్ళు. ఇరవై మూడు పేర్లు. ఈరోజు ఇరవై నాలుగోది చేరింది.

మార్తమ్మ ఎందుకు నమ్ముకుందో కూడా చెప్పాలి. రోగం నయమై కాదు, మొగుడి తాగుడు మానిందనీ కాదు. అది తర్వాత మానింది. పదమూడేళ్ళ కిందట ఎవరో పిలిస్తే ఊరికే బల్ల చూడ్డానికి వెళ్ళింది. అప్పట్లో ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా సుజాతమ్మ ఉండేది, పెద్దకులపు మనిషి. రసం ఉన్న గిన్నె ఒకటే, అందరి చేతుల మీదుగా వస్తోంది. కాలనీ ముసలమ్మ ఒకతె తాగి ఇచ్చిన గిన్నెను సుజాతమ్మ తుడవనైనా తుడవకుండా, ముసలమ్మ పెదవి తగిలిన చోటే పెదవి పెట్టి తాగింది. వెనక కూర్చున్న మార్తమ్మకు ఒళ్ళు జలదరించింది. ఇట్లాంటి దేవుడు ఒకడున్నాడా అని ఇంటికెళ్ళి ఏడ్చింది. సుజాతమ్మ ఎప్పుడో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గిన్నె మాత్రం మార్తమ్మ కళ్ళముందు అట్లాగే ఉండిపోయింది.

పెనం వేడెక్కుతుండగా వాకిట్లో స్కూటర్ ఆగింది. పాస్టర్ పురుషోత్తమ్. మార్తమ్మకు సొంత అక్క కొడుకు. తల్లి పోతే నాలుగేళ్ళు ఈ పొయ్యి ముందే కూర్చుని తిన్నాడు.

"చిన్నమ్మా, పిండి కలిపేసినావా?"

"కలపకుండా? అంజనమ్మ పేరు గూడా చెప్పుకోని కలిపినా. రా నాయనా, కూసో."

అతను కూర్చోలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరుంది. దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చుకున్నాడు.

"ఇంగ నీకెందుకు చిన్నమ్మా ఈ శ్రమ? నీకు నడుము నొప్పి గదా. బెంగుళూర్లో పెద్ద చర్చిల్లో ఇవే వాడతాండారు." కవర్లోంచి తీసి చూపించాడు. రూపాయి బిళ్ళంత తెల్లటి పలచని బిళ్ళలు. వాటితోపాటు వేలెడు ప్లాస్టిక్ కప్పులు ఒక కట్ట.

"నాకు నడుము నొప్పని నీతో యెవురు చెప్పినారు?"

పురుషోత్తమ్ కప్పుల కట్టను మళ్ళీ కవర్లో పెట్టాడు.

"అంజనమ్మ వద్దనిందా?"

"లేదు చిన్నమ్మా, దేవునిమీద ఆన. ఆయమ్మ ఏమీ అనలేదు. ఒక్క మాట అడిగింది, అంతే. రొట్టె యెవురు చేస్తారు పాస్టరప్పా అని."

"నువ్వేం చెప్పినావు?"

"బెంగుళూరునుంచి తెప్పిస్తామని చెప్పినా."

పదకొండేళ్ళ రొట్టెలు ఒక్క మాటతో బెంగుళూరుకు పోయాయి. కోడి కూసేలోగా శిష్యుడు పేతురు ప్రభువును ఎరగనని మూడుసార్లు అబద్ధమాడిన సంగతి పురుషోత్తమ్ చెబుతుంటే రేకుల కింద అందరూ కళ్ళొత్తుకునేవాళ్ళు. అతని అబద్ధానికి మాత్రం మిట్టేమరిలో ఏ కోడీ కూయలేదు.

"సైటు రాసిచ్చినారు. స్లాబు గూడా వేయిస్తామంటాండారు," అన్నాడతను, గొంతు తగ్గించి. "ఎన్నాళ్ళని ఈ రేకుల కింద ఉడుకుతాము చిన్నమ్మా? కొన్ని దినాలే. వాళ్ళు అలవాటు పడేదాకా."

"అలవాటు పడాల్సింది వాళ్ళా, మేమా?"

"నువ్వట్ల మాట్లాడితే యెట్ల? కొత్త మందిరం లేస్తే అంతా నీ చేతుల్లోనే గదా. ఊడ్చేది, తుడిచేది, తలుపు తీసేది. దేవుని ఇల్లు! అంతకన్నా ఏం కావాల?"

మార్తమ్మ అతని ముఖంలోకి చూసింది. వెక్కిరింపు లేదు, పాపం, నిజంగానే పెద్ద పదవి ఇస్తున్నాననుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ ఆంజనేయప్ప గొడ్లపాకలో ఆమె చేస్తున్న పనీ అదే.

"ఊడ్చేదానికి పనికొస్తాను," అంది. "సరేలే, పో నాయనా. పొద్దు పోతాండాది."

అతను వెళ్ళాక పెనం కాసేపు ఊరికే కాలింది.

ఆదివారం ఆమె ప్రార్థనకు వెళ్ళింది. ముందు వరసలో అంజనమ్మకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, పక్కన కర్రతో రవీంద్ర. మిగతావాళ్ళు ఎప్పటిలాగే చాపల మీద. పళ్ళెం వచ్చింది. మార్తమ్మ ఒక బిళ్ళ తీసుకుని నోట్లో వేసుకుంది. గోధుమ వాసన లేదు, పొగ వాసన లేదు. అంగిలికి అతుక్కుపోయి ఎంతకీ దిగలేదు. ఎవరి కప్పు వాళ్ళదే కాబట్టి ఎవరూ ఎవరి వైపూ చూడనక్కర్లేకపోయింది. ఇరవై మూడు మందిలో ఒక్కరైనా "రొట్టె ఏదక్కా?" అని అడుగుతారని ఆమె పాట అయ్యేదాకా ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. స్లాబు అందరికీ కావాలి.

బయట చెప్పులు వేసుకుంటుంటే అంజనమ్మ వచ్చి ఆప్యాయంగా నవ్వింది. "ఎంత శుభ్రంగా ఉండాది బయ్యీ మీ బల్ల! నేను ఏమో అనుకోని ఊరికే భయపడినా."

ప్రార్థన గది గడప దగ్గర తనను ఎవరైనా బయ్యీ అనడం అదే మొదటిసారి. పక్కనే ఉన్న పురుషోత్తమ్ వినిపించుకోనట్టు బైబిలుకు జిప్పు వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం మార్తమ్మకు నిజంగానే నడుము పట్టేసింది. ఆపై వారం కూలికి వెళ్ళింది. మూడోవారం ఏ కారణమూ లేకుండానే మంచంమీద కూర్చుండిపోయింది. పాటలు గాలికి ఇంటిదాకా వచ్చాయి. పెదవులు వాటంతట అవే కదిలాయి. ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఆమెను రావద్దనలేదు, ఎవరూ వెళ్ళగొట్టలేదు. అందుకే ఆమెకు తిరగబడడానికి కూడా ఏమీ దొరకలేదు.

మార్తమ్మ చల్లారిపోయిందని కాలనీలో అనుకున్నారు. విశ్వాసంలో చల్లారినవాళ్ళ గురించి పురుషోత్తమ్ ఒక ఆదివారం గంటసేపు ప్రసంగం చేశాడట. లోకాశలన్నాడట, సాతాను వలలన్నాడట. నీళ్ళు పోసిందెవరో మాత్రం చెప్పలేదు. చెప్తే ప్రసంగం చాలా చిన్నదయ్యేది.

ఒంటరిగా ప్రార్థించాలని ఆమె చూడకపోలేదు. అంతకుముందు ప్రభువుతో ఇంటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. ధరలు చెప్పేది, మొగుడిమీద చాడీలు చెప్పేది. ఇప్పుడు "ప్రభువా" అని, చీపురు పట్టుకుని లేచిపోతోంది. ఒక సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని అడిగేసింది.

"నీకు తెలుసు గదా రొట్టె యెవురు చేసేదో. వాడు భయపడినాడు, సరే. నువ్వన్నా చెప్పకూడదా?"

చాలాసేపు చూసి, లేచి, అటకమీంచి తెల్లగుడ్డ మూట దింపింది. ఆ పెనం పొయ్యిమీద పెట్టి రాత్రికి చపాతీలు కాల్చింది.

పిళ్ళప్ప కంచం ముందు కూర్చుని పెనం వైపు చూశాడు. "ఏమ్మే, అది బల్ల పెనం గదా?"

"పెనమే," అంది మార్తమ్మ.

అతను ఒక చపాతీ తిని, చాలని లేచాడు. పన్నెండేళ్ళుగా తాగుడు ముట్టని మనిషి, ఆరోజు వాకిట్లో చాలాసేపు చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు. మార్తమ్మకు దుఃఖం ఆగలేదు. పెనం తోమి, తోమి, చేతులు నొప్పెట్టేదాకా తోమింది.

మూడు నెలలు గడిచాయి. అదే తోటలో మళ్ళీ టమాటా పెట్టారు, మళ్ళీ కోతకొచ్చింది. ఎండ నెత్తి మాడుస్తోంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు సాళ్ళలో ఉన్నారు. అంజనమ్మ బిందె తెప్పించి గట్టుమీద పెట్టించింది.

"బయ్యీ, రా. నీతో మాట్లాడాల."

మార్తమ్మ వెళ్ళి గట్టు కింద కూర్చుంది. అలవాటుగా చేతులు దోసిలయ్యాయి.

"స్లాబు పడింది. వచ్చే నెల మందిరం ప్రతిష్ఠ," అంది అంజనమ్మ, చెంబు ముంచుతూ. "నువ్వు యేల రావడంలే? నన్ను తోలుకొచ్చిందే నువ్వు. నువ్వు లేకుంటే నాకు ఏమీ బాగుండలేదు బయ్యీ. ప్రతి దినమూ నీకోసం ప్రార్థన చేస్తాండా." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. మార్తమ్మకు ఆ సంగతి తెలుసు.

చెంబు పైకి లేచింది. దోసిలికీ చెంబుకూ మధ్య ఎప్పటిలాగే జానెడు దూరం.

మార్తమ్మ దోసిలి విప్పేసింది.

"రవీంద్రప్ప ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇదే గట్టుమీద నా చేతులు పట్టుకున్నారమ్మా."

"మరిచిపోతానా బయ్యీ?"

"బల్ల రొట్టె యెవురు చేస్తారని పాస్టరప్పను అడిగినారంట గదా. ఆయప్ప మీకు సరిగ్గా చెప్పలేదు." మార్తమ్మ రెండు అరచేతులూ పైకి తిప్పి చూపింది. "నేనమ్మా. పదకొండేండ్లు నేనే చేసినా. నా యింట్లో, నా పొయ్యిమీద, ఈ చేతులతో. మీ పేరు చెప్పుకోని గూడా పిండి కలిపినా."

అంజనమ్మ చేతిలో చెంబు ఒక పక్కకు ఒరిగింది.

మార్తమ్మ లేచి నిలబడింది. కుడిచేయి ఒక్కటే ముందుకు చాపింది. దోసిలి పట్టడానికి కాదు, అందుకోవడానికి.

"చెంబు ఇట్లియ్యమ్మా. నేనే తాగుతా."

సాళ్ళలో కాయలు తెంపుతున్న చేతులు ఆగిపోయాయి. అంజనమ్మ నీళ్ళు పోయనూ లేదు, చెంబు ఇవ్వనూ లేదు. ఒరిగిన చెంబు అంచునుంచి నీళ్ళు ఒక్కో బొట్టే గట్టుమీద పడి ఇంకిపోతున్నాయి. చాపిన చెయ్యి మాత్రం మార్తమ్మ దించలేదు.